కనిపెట్టే అరగంట

కుట్టు ఫ్యాక్టరీలో ఆఖరి తనిఖీ బల్ల దగ్గర పదిహేడేళ్ళు నిలబడితే కళ్ళకి ఒక జబ్బు పట్టుకుంటుంది. ఎదురొచ్చిన మనిషి మొహం కంటే ముందు కాలరు కనిపిస్తుంది. కాలరు తర్వాత భుజం కుట్టు, తర్వాత చేతి పట్టీ, గుండీలు. మొహం ఎప్పుడో చివర. అక్కడ కుట్టేవాళ్ళంతా ఆ బల్ల దగ్గర నిలబడే ఆమెను సూదికళ్ళక్క అంటారు. అందులో కొంచెం గౌరవం, మిగతాదంతా కడుపుమంట. వాళ్ళు కుట్టి పంపిన చొక్కాను ఆమె నిమిషన్నరలో ముందూ వెనకా చూసి, లోపలి వైపు బయటికి తిరగేసి, కుట్టు తప్పిన చోటో నూనె మరక పడ్డ చోటో వేలిగోరంత ఎర్ర బాణం స్టిక్కరు అంటించి పక్క బుట్టలో పడేస్తుంది. సాయంత్రం లైన్ సూపర్‌వైజరు వచ్చి రోజూ అడిగే మాట ఒకటే. "ఏం కనిపెట్టావక్కా ఇవాళ?"

పెద్దాసుపత్రి డాక్టరు "ఇంటికి తీసుకెళ్ళిపోండమ్మా, ఇక్కడ ఉంచి మేం చేసేది కూడా ఏం లేదు. నెలో, నెలన్నరో" అన్నప్పుడు సైతం ఆమె చూపు ఆయన తెల్లకోటు మూడో గుండీ మీదే ఉంది. దారం వదులైంది. ఇవాళో రేపో రాలిపోతుంది. చెబుదామా వద్దా అని ఆమె తటపటాయిస్తూ ఉండగానే ఆయన పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆస్పత్రి మెట్లు సగం దిగాక ఆ మాట వచ్చి తగిలింది. అక్కడే రెయిలింగు పట్టుకుని కూర్చుండిపోయింది.

మొగుడు ఇరవై ఆరేళ్ళు బస్సు నడిపిన మనిషి. ఊపిరితిత్తులు రెండూ గట్టిపడిపోయాయన్నారు. మూడో అంతస్తులో వాళ్ళ రెండు గదుల ఇంట్లో, కిటికీ పక్కన మంచం వేసి, మంచం పక్కన గాలి మిషను పెట్టారు. దాని గొట్టం ముక్కుకు తగిలించుకుని, డ్రైవరు ఇప్పుడు ఒక్కో ఊపిరికి మూడేసి మాటలు మాట్లాడుతున్నాడు. పిల్లల్లేరు. పగలు చూసుకోవడానికి అతని అక్క వస్తుంది. బస్టాండులో టికెట్ల కిటికీ వెనక ముప్ఫయ్యేళ్ళు కూర్చుని రిటైరైన మనిషి. తెరిచిన నోరు కిటికీ మూసే టైముకు గానీ మూయని అలవాటు ఇంకా పోలేదు.

ఇంటికొచ్చిన మూడో రోజు పొద్దున, ఆమె పనికి బయల్దేరబోతుంటే డ్రైవరు పిలిచాడు.

"ఏమే."

"ఏంటండీ?"

"ఆయన ఉన్నాడంటావా?"

"ఎవరు, పక్కింటాయనా? ఈపాటికి డ్యూటీకి వెళ్ళుంటాడు."

డ్రైవరు నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు కాస్తా నీలం పెదాలయింది. తేరుకున్నాక వేలు పైకి చూపించాడు. "పైనాయన."

ఉన్నాడండీ అనాలి. చిన్నప్పట్నుంచీ ఆదివారం తప్పకుండా చర్చి గుడికి వెళ్ళిన మనిషి. పెళ్ళయిన కొత్తలో ఇతన్ని కూడా చెయ్యి పట్టుకుని అక్కడికి లాక్కెళ్ళింది తనే. ఎవరింట్లో జ్వరమొచ్చినా "అక్కా, ఒక్క మాట ప్రార్థన చెయ్యి" అని అడిగేది తననే. అయినా "పొద్దున్నే అదేం మాటండీ" అని దుప్పటి అంచు సర్దింది.

"భయంగా ఉందే" అన్నాడు డ్రైవరు. ఎగతాళి ఏమీ లేదు ఆ గొంతులో. "నీకు తెలిసినవాడు కదా. అడిగి చెప్పు."

బస్సులో నిలబడి వెళ్తూ లెక్క చూసుకుంది. ఆఖరిసారి తను ప్రార్థన చేస్తుంటే అవతల ఎవరో వింటున్నట్టు అనిపించింది ఎప్పుడు? నిరుడా? అంతకు ముందా? గుర్తు రాలేదు. మాటలు వస్తూనే ఉన్నాయి, ఏళ్ళ తరబడి ఒకే వరసలో స్టాపుల పేర్లు చదివే కండక్టరుకు వచ్చినట్టు. ఎక్కేవాళ్ళున్నారో లేదో ఆమె చూసి చాలా కాలమైంది. ఇప్పుడు ఆ బస్సులోంచి మొగుడు తల బయటపెట్టి, ఇది ఎక్కడికి పోతుందే అని అడుగుతున్నాడు. నెలన్నర టైముంది. ఈలోపు దేవుడి దగ్గర్నుంచి ఒక్క మాట తెచ్చి అతని చేతిలో పెట్టాలి. ఊరికే ఓదార్చడానికి చెప్పే మాట కాదు. నిజంగా విన్న మాట.

ఆ ఆదివారమే టీచరమ్మను పట్టుకుంది. టీచరమ్మ బడిలో పనిచేసినన్నాళ్ళూ లెక్కలు చెప్పింది, రిటైరయ్యాక గుడిలో ఆడవాళ్ళ కూటానికి పెద్ద. భక్తిని కూడా అధ్యాయాలుగా విడగొట్టి చెప్పగలదు. సూదికళ్ళక్క చెప్పిందంతా విని, సంచిలోంచి కాగితం తీసి గీతలు కొట్టింది.

"నలభై రోజులు. ఐదు అభ్యాసాలు. పొద్దున ఐదింటికి లేచి ప్రార్థన. రోజుకొక భాగం వాక్యం, గబగబా కాదు, నమిలి నమిలి చదవాలి. వారానికి రెండు రోజులు ఉపవాసం. ఎవరి పట్ల తప్పు చేశావో వాళ్ళ దగ్గరికే వెళ్ళి ఒప్పుకోవడం. అయిదోది అన్నిటికంటే కష్టం. రోజూ ఒక అరగంట మౌనంగా కూర్చుని కనిపెట్టాలి. నోరు విప్పకూడదు, ఏదీ అడగకూడదు. తలుపు మూసుకో. ఏం వినపడినా లేవకు. మనసు చెదరగొట్టడానికి సవాలక్ష వస్తాయి."

"కనిపెడితే మాట్లాడతాడా టీచరమ్మా?"

"మాట్లాడకుండా ఎక్కడికి పోతాడమ్మా?" అంది టీచరమ్మ, హోంవర్కు చేసినవాడు పాసవకుండా ఎక్కడికి పోతాడన్నట్టు.

కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది సూదికళ్ళక్క. నాలుగు అభ్యాసాలూ బరువుగానే తోచాయి గానీ, అయిదోది వినగానే ప్రాణం లేచొచ్చింది. కనిపెట్టడమా? తన పనే అది. పదిహేడేళ్ళ సర్వీసు. దేవుడు మాట్లాడకపోవడానికి తనలో ఎక్కడో కుట్టు తప్పి ఉంటుంది. దాన్ని కనిపెట్టాలి. ఇంత తేలిక సంగతి ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదో!

మర్నాటి నుంచే మొదలుపెట్టింది. ఐదింటికి లేచి, మొగుడి దిండు సర్ది, వంటగదిలోకి పోయి తలుపు వేసుకునేది. గ్యాసు బండకీ గోడకీ మధ్య గోనెపట్టా పరుచుకుంటే ఒక మనిషి మోకరించేంత చోటుంది. ఆ గోడకి అవతలే డ్రైవరు మంచం. పావుగంట ప్రార్థన, పావుగంట వాక్యం, ఆ తర్వాత కనిపెట్టే అరగంట. కళ్ళు మూసుకుని తన బతుకును బల్ల మీద పరిచేది. కాలరు నుంచి మొదలు. చిన్నప్పుడు చెల్లెలి మీద చెప్పిన అబద్ధం. పెళ్ళి నాటి పట్టుదల. తోటికోడలి కూతురు బొద్దుగా పుడితే ఓర్వలేకపోవడం. తిరగేసి లోపలి వైపు చూస్తే ఇంకా ఉన్నాయి. వదులు దారాలకి అంతేముంది? ఒకటి లాగితే పదొస్తున్నాయి. రోజుకొకటి పట్టుకునేది, ఇదే అయి ఉంటుంది అనుకునేది, ఏడ్చి క్షమించమనేది, చెవులు రిక్కించేది. గాలి మిషను గుయ్యిమనేది. అంతే.

ఫ్యాక్టరీ నుంచి ఒక స్టిక్కర్ల రోలు తెచ్చుకుంది. వాక్యం చదువుతుంటే తనను పొడిచిన ప్రతి మాట పక్కనా ఒక ఎర్ర బాణం అంటించేది. రెండు వారాలకు ఆ పుస్తకం మూతపడడం మానేసింది.

డ్రైవరు ఒక రోజు దాన్ని కడుపు మీద పెట్టుకుని పేజీలు తిప్పాడు. "దేవుడి మాటల్లో కూడా... తప్పులు పట్టావటే?"

"అవి ఆయన తప్పులు కావండీ. నావి."

"ఇన్నా?" మరో నాలుగు పేజీలు తిప్పాడు. "నాతో చెప్పకుండా... ఎప్పుడు చేశావే ఇవన్నీ?"

ఆమెకు నవ్వు రాలేదు. పదిహేను రోజులు పోయాయి. అతను మునుపటి కంటే ఒక మాట తగ్గించి మాట్లాడుతున్నాడు.

ఒప్పుకోలు కూడా మొదలుపెట్టింది. జాబితాలో మొదటి పేరు వదినదే. ఒక ఆదివారం మధ్యాహ్నం, వదిన తమ్ముడి చొక్కాలు మడతపెడుతుంటే వెళ్ళి ఎదురుగా కూర్చుంది.

"వదినా, నీతో ఒక మాట చెప్పాలి. పెళ్ళయినప్పట్నుంచీ నువ్వంటే నాకు పడదు. లోపల్లోపల చాలా అనుకున్నాను నిన్ను."

వదిన మడత ఆపలేదు. "అది నాకు తెలుసుగా. కొత్త సంగతేమైనా ఉంటే చెప్పు."

"క్షమించు వదినా."

"క్షమించేదాకా ఆగితే ఇరవై రెండేళ్ళ నుంచి నీ ఇంట్లో టీ తాగేదాన్నా?" చొక్కా పక్కన పెట్టి మరదలి మొహంలోకి చూసింది. "ఏమయింది నీకు? కళ్ళ కింద ఆ గుంటలేంటి? తిండి తింటున్నావా లేదా?"

వారానికి రెండన్న ఉపవాసం అప్పటికి నాలుగైంది. టీచరమ్మ చెప్పలేదు, తనే పెంచింది. మందు పనిచెయ్యకపోతే మోతాదు పెంచరూ? ఐదు గంటలది నాలుగున్నర అయింది. అరగంట గంటయింది. ఎంత వెతికినా ఆ ఒక్క తప్పు దొరకడం లేదు. దొరికినవేవీ సరిపోవడం లేదు. వంటగది తలుపు మూసేసరికి ఆ మాట రాదు, ఇవాళ కూడా రాదు అని ముందే తెలిసిపోయేది. అయినా మోకాళ్ళు మడత పడేవి. బతిమాలేది, తర్వాత బేరమాడేది, ఆ తర్వాత ఎదురు తిరిగేది. నాకొద్దు, ఆయనకి చెప్పు. నేను పనికిరానిదాన్ననుకో, ఆయనేం చేశాడు? ఇరవై ఆరేళ్ళలో ఒక్క మనిషిని గుద్దలేదు. ఒక్క మాట. ఇంత లోకాన్ని చేసినవాడివి, ఒక్క మాటకి గతిలేదా? అని పళ్ళు బిగించి లోపలే అరిచేది. అరిచినందుకు మళ్ళీ భయం వేసేది. దానికీ ఒక ఎర్ర బాణం.

ఇరవై మూడో రోజు ఉదయం ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు ఆమె బల్ల దగ్గరికి ఒక చొక్కా పట్టుకొచ్చాడు. ప్యాకింగు వాళ్ళు వెనక్కి పంపారన్నాడు. రెండు చేతులూ చాపి పట్టుకుని చూపించాడు.

"ఏముందక్కా ఇందులో?"

చూసింది. కాలరు బాగుంది. భుజం బాగుంది. గుండీలు బాగున్నాయి.

"ఏం లేదు. పాస్ చేసిందే కదా."

"సరిగ్గా చూడు."

పక్క బల్ల దగ్గరి పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అప్పుడు కనిపించింది. చొక్కాకి ఉన్నవి రెండూ ఎడమ చేతులే. కుడి వైపున కూడా ఎడమ చెయ్యే కుట్టేశారు. పట్టీ చీలిక తిరగబడి లోపలికి చూస్తోంది. కొత్తగా చేరినవాళ్ళకి కూడా తలుపు దగ్గర నిలబడి తెలిసే తప్పు.

"ఇలాంటివి పద్నాలుగు పోయాయి నీ చేతి మీదుగా" అన్నాడు సూపర్‌వైజరు. కసిరితే బాగుండేది. మెల్లగా అన్నాడు. "ఇంటికెళ్ళక్కా. ఇంట్లో పరిస్థితి మాకు తెలుసు. నాలుగు రోజులు ఉండి రా."

ఆమె సంచి తగిలించుకుని బయటికి వచ్చింది. ఎండ కళ్ళలో గుచ్చుకుంది. నిన్నటి నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. బస్సు దిగి మూడంతస్తులు ఎక్కేటప్పుడు ప్రతి మలుపు దగ్గరా గోడకి నుదురు ఆనించి ఆగింది.

తలుపు తీసేసరికి వదిన లేదు. మందుల షాపుకు వెళ్ళినట్టుంది. డ్రైవరు దిండ్ల మీద నుంచి జారి, మెడ మంచం పట్టెకు ఒరిగి, గడ్డం ఛాతీలోకి దిగబడిపోయి ఉన్నాడు. గొట్టం ముక్కు నుంచి ఊడి చెంప మీద బుస్సుమంటోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. పెదాలు ఫ్యాక్టరీ గుడ్డల్లో ఏదో ఒకదాని రంగులో ఉన్నాయి, ఆమెకు ఆ రంగు పేరు తట్టలేదు.

సంచి ఎక్కడ పడేసిందో తెలీదు. చంకల కింద చేతులు పెట్టి పైకి లాగింది. తనకే బలం లేదు. మంచం మీద మోకాలు మోపి, అతని వీపును తన ఛాతీకి ఆనించుకుని, గొట్టం సరిచేసి, అలాగే పట్టుకుని కూర్చుంది. పక్కటెముకలు ఒక్కొక్కటీ చేతికి తగులుతున్నాయి. చాలాసేపటికి ఊపిరి దారికొచ్చింది.

"గోడ తట్టాను" అన్నాడు. "అలవాటుగా. నువ్వు పన్లో... ఉన్నావని మర్చిపోయి."

"ఏ గోడండీ?"

డ్రైవరు వేలి ఉంగరంతో మంచం పక్క గోడను మెల్లగా కొట్టాడు. టక్. టక్. టక్.

ఆ చప్పుడు ఆమెకు తెలుసు. వంటగదిలో, కళ్ళు మూసుకున్నప్పుడు, తెల్లవారుజామున. నీళ్ళ గొట్టం అనుకుంది. కాదు, నీళ్ళ గొట్టమని తనకు తను చెప్పుకుంది. రెండోనాడే ఒక క్షణం తల తిప్పి, ఏం వినపడినా లేవకు అన్న మాట గుర్తొచ్చి, మళ్ళీ కళ్ళు మూసుకుంది. సైతాను ఎంత చిల్లర పనులు చేస్తాడో అని కూడా అనుకుంది.

"ఎన్ని రోజులు తట్టారు?"

"ఒక వారం. ఆ టైములోనే... ఊపిరాడదు. ఒక్కణ్ణే ఉంటే... పోతానేమోనని." ఆగాడు. "తర్వాత మానేశాను. నాకోసమే... చేస్తున్నావు కదా. పాడుచెయ్యడం ఎందుకని."

ఆమె నోట్లోంచి వచ్చిన చప్పుడు ఏడుపులా లేదు. గుమ్మం దగ్గరికి అప్పుడే వచ్చిన ఇద్దరూ అక్కడే ఆగిపోయారు. ఒకరు మందుల సంచితో వదిన. ఇంకొకరు, కింద మెట్ల దగ్గర ఆవిడకు కలిసిన టీచరమ్మ. రోగిని చూసి పోదామని పళ్ళు పట్టుకుని వచ్చింది.

"అయ్యో, ఏమైందమ్మా?" అంది టీచరమ్మ.

"దొరికింది టీచరమ్మా" అంది సూదికళ్ళక్క, మొగుణ్ణి అలాగే పట్టుకుని. "ఇరవై మూడు రోజులు వెతికాను. కనిపెట్టమన్నారుగా, కనిపెట్టాను. దేవుడు నాతో ఎందుకు మాట్లాడటం లేదో తెలిసింది. మొగుడు గోడవతల చావు భయంతో తడుతుంటే నేను కళ్ళు మూసుకుని నా తప్పులు ఏరుకుంటూ కూర్చున్నాను."

టీచరమ్మ పళ్ళ సంచి కింద పెట్టింది. "తప్పులేంటి? తప్పులు ఏరమని నేనెప్పుడు చెప్పాను?"

"అయిదోది. కనిపెట్టమన్నారు."

టీచరమ్మకు ఒక నిమిషం పట్టింది. అర్థమయ్యాక మొహం పాలిపోయింది. "అయ్యో నా తల్లీ. కనిపెట్టడమంటే అది కాదమ్మా. ఎదురుచూడటం. ఆయన కోసం కనిపెట్టుకుని ఉండటం. గుడిలో ఇన్నేళ్ళుగా వింటున్నావు కదా! వెతకడానికేముంది అందులో? ఊరికే కూర్చోవాలి, అంతే."

"ఊరికేనా?"

"ఊరికే."

కనిపెట్టడమన్న ఆ మాట సూదికళ్ళక్క గుడిలో చిన్నప్పట్నుంచీ విన్నదే. కానీ పదిహేడేళ్ళు రోజూ సాయంత్రం దాన్ని ఒకే అర్థంలో అడిగించుకున్న చెవికి రెండో అర్థం ఎక్కడ మిగులుతుంది?

"బాగుంది" అంది వదిన, మందుల సంచి బల్ల మీద పెడుతూ. ఆవిడ గుడి మొహం చూసి పాతికేళ్ళు. "నేనూ మీ దేవుడూ మాట్లాడుకోవడం ఎప్పుడో మానేశాం, ఇద్దరికీ హాయిగా ఉంది. నాకు మీ అభ్యాసాలు తెలీవు. కానీ కనిపెట్టుకుని ఉండమంటే నాకు తెలిసింది ఒకటే. పొద్దున్న నేను వచ్చేదాకా నా తమ్ముణ్ణి కాస్త కనిపెట్టుకుని ఉండమ్మా అని నీతో రోజూ చెప్పి పోతున్నాను. సాయంత్రం వెళ్తూ వెళ్తూ, ఇదిగో ఈ గుమ్మంలో నిలబడి. వినపడిందా ఒక్కరోజైనా?"

"అక్కా" అన్నాడు డ్రైవరు. "ఊరుకో."

"ఊరుకున్నాలేరా. ఇరవై మూడు రోజులు ఊరుకున్నాను." గ్లాసులో పాలు పోసి, రొట్టెముక్క ముంచి, మరదలి నోటి దగ్గర పెట్టింది. "ముందు ఇది మింగు. నువ్వు కూడా పడిపోతే ఇద్దర్నీ మోసే ఓపిక నాకు లేదు."

ఆమె మింగింది. ఉపవాసం ఆ రోజుకి మధ్యాహ్నం ఒంటిగంటకు అయిపోయింది.

టీచరమ్మ వెళ్ళేముందు గుమ్మంలో చెయ్యి పట్టుకుంది. ఏదో వాక్యం చెప్పబోయి, మానేసింది. "నేను సరిగ్గా చెప్పాల్సింది" అంది. లెక్కల టీచరు నోట అలాంటి మాట రావడం ఆ గుడిలో ఎవరూ ఎరగరు.

సాయంత్రం వదిన వెళ్ళిపోయాక, వెలుతురు ఇంకా కిటికీ మీద ఉండగానే, డ్రైవరు మళ్ళీ అడిగాడు. ఈసారి ఆమె పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది.

"ఏమన్నా చెప్పాడా?"

ఏం చెప్పాలి? చెప్పాడండీ, భయపడొద్దన్నాడు అంటే పోయేది. అతను నమ్మేవాడు. ఆ ఒక్క అబద్ధంతో పది రాత్రులు నిద్రపోయేవాడు. గుడిలో సగం మంది ఆ మాటే చెప్పమంటారు, అది అబద్ధం కాదు విశ్వాసం అని కూడా అంటారు. కానీ ఎంత ఆకలిగా ఉన్నా, ఎంత కళ్ళు తిరుగుతున్నా, చూడనిదాన్ని చూశానని పాస్ చేయడం ఆ మనిషి వల్ల కాదు.

"లేదండీ" అంది. "ఏమీ చెప్పలేదు. ఒక్క మాట కూడా. చాలా అడిగాను."

అతని మొహం చూడ్డానికి భయమేసింది. చూసింది. డ్రైవరు కళ్ళు మూసుకుని ఉన్నాడు. కనుకొలకుల నుంచి నీళ్ళు చెవుల వైపు కారుతున్నాయి.

"నాక్కూడా... చెప్పలేదే" అన్నాడు. "నాకే చెప్పడం లేదేమో... అనుకున్నా. నీకు చెప్తుంటాడు... నేనే పనికిరానేమోనని."

"అయ్యో, కాదండీ."

"ఇద్దరికీ చెప్పలేదన్నమాట."

"ఇద్దరికీ."

ఊపిరి రెండుసార్లు తీసుకున్నాడు. "అయితే సరే" అన్నాడు. దాని అర్థం ఆమెకు అప్పుడు తెలియలేదు, తర్వాతా పూర్తిగా తెలియలేదు. భయం పోలేదు. కానీ వణుకుతున్న చేతిని అతను దుప్పటి కింద దాచుకోవడం మానేసి ఆమె ఒళ్ళో పెట్టాడు.

"ప్రార్థన చెయ్యి" అన్నాడు.

"నాకు మాటలు రావడం లేదండీ."

"వచ్చినవే."

ఆమె కళ్ళు మూసుకోలేదు. మొగుడి మొహం చూస్తూ అంది: "దేవా, నువ్వు మాకు కనబడటం లేదు. ఈయనకి భయంగా ఉంది. నాకూ భయంగానే ఉంది. ఉంటే రా."

"ఆమెన్" అన్నాడు డ్రైవరు.

ఎవరూ రాలేదు. కింద వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేయడానికి తంటాలు పడుతున్నారు.

ఆ తర్వాత పదకొండు రోజులు. ఐదింటికి లేవడం మాత్రం ఆమె మానలేదు. వంటగదిలో గోనెపట్టా చుట్టి మూల పెట్టేసింది. అరగంట మంచం పక్కనే కుర్చీలో కూర్చునేది. ఏదీ వెతికేది కాదు. వెతకాలని చెయ్యి పీకేది, పదిహేడేళ్ళ అలవాటు మరి. కాలరు నుంచి మొదలుపెట్టబోయి, ఆగి, అతని ఊపిరిని వినేది. కొన్నాళ్ళు అది ప్రార్థనలా అనిపించేది. ఎక్కువ రోజులు అలా కూడా అనిపించలేదు. కాళ్ళు చల్లబడుతున్నాయంటే పాదాలు ఒళ్ళో పెట్టుకుని రుద్దేది. గది నిండా మందుల వాసన, ఉచ్చ వాసన. వెలుగు దిగి రావడం లాంటివేమీ జరగలేదు. ఒకరోజు మాత్రం అతను కళ్ళు తెరిచి, "ఎవరైనా వచ్చారా?" అన్నాడు. "లేదండీ" అంది. "వచ్చినట్టుంది" అని మళ్ళీ నిద్రపోయాడు. ఆ మాటను ఆమె ఎంతవరకు నమ్మాలో తెలియక అలాగే ఉంచుకుంది, ఎవరికీ చెప్పలేదు.

ముప్ఫై నాలుగో రోజు, పొద్దున ఎనిమిదిన్నరకు, వదిన మెట్లెక్కి వస్తుండగా పోయాడు. మిషను ఆపాల్సింది ఎవరో ఇద్దరికీ తోచలేదు. అది చాలాసేపు అలా ఖాళీ ముక్కుకు గాలి పంపుతూనే ఉంది.

మూడు వారాలకు ఒక ఆదివారం, గుడిలో సాక్ష్యాల సమయంలో పాస్టరుగారు ఆమెను పిలిచారు. మన సహోదరి నలభై రోజుల దీక్ష చేసింది, ఆ కష్టంలో దేవుడు ఆమెతో ఎలా మాట్లాడాడో మనందరికీ చెబుతుంది అన్నారు. మంచి మనిషే. ముందుగా ఆమెను అడగాలని తోచలేదంతే. ఆడవాళ్ళ వరసలో టీచరమ్మ తల వంచుకుంది.

సూదికళ్ళక్క లేచి మైకు దగ్గరికి వెళ్ళింది. ముందు వరసలో అందరూ ఆదివారం బట్టల్లో ఉన్నారు. ఒక్క కాలరు కూడా ఆమెకు కనబడలేదు. మొహాలే కనబడ్డాయి. చాలా మంది అలిసిపోయినట్టున్నారు.

"నలభై రోజులు చేశాను" అంది. "మా ఆయన కోసం ఒక్క మాట అడిగాను. దేవుడు ఏమీ చెప్పలేదు. మా ఆయన భయపడుతూనే పోయారు. నేను పక్కన ఉన్నాను. మొదట్లో లేను, తర్వాత ఉన్నాను. మిగిలిన ఆరు రోజులు కూడా చేశాను. నలభై అయిపోయాక కూడా పొద్దున్నే లేచి కూర్చుంటున్నాను. ఎందుకని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆ పైనాయన వస్తే నేను వంటగదిలో తలుపేసుకుని ఉండకూడదని. అంతే."

వందనాలు చెప్పి ముగించాలి. చెప్పలేదు. అక్కడే నిలబడిపోయింది.

ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. సాక్ష్యం అయ్యాక అందరూ హల్లెలూయ అనడం ఆ గుడి అలవాటు. అటూ ఇటూ ఒకరిద్దరు మొదలుపెట్టి, మధ్యలో మింగేశారు. పాస్టరుగారు పాటల పుస్తకం తెరిచారు, మూశారు. వెనక వరసల్లో ఎవరో ఆడమనిషి వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టింది. ఎవరో ఏమిటో తెలియదు. ఆమె ఇంట్లో ఏముందో కూడా ఎవరికీ తెలియదు. పక్కనున్నావిడ ఊరుకోమని చెయ్యి నొక్కబోతే, ఆ చేతిని విదిలించేసింది.

సూదికళ్ళక్క మైకు వదిలి నడవలోంచి నేరుగా ఆ వెనక వరస దగ్గరికి వెళ్ళింది. ఏమీ అడగలేదు. ఆ ఏడ్చే మనిషి పక్కన బెంచీ చివర కాస్త చోటుంటే, అందులో ఇరుక్కుని కూర్చుంది.